పిల్లలకు కష్టం వస్తే ఏ గుమ్మం ఎక్కాలి: గోదావరి డెల్టా కుటుంబాల కోసం

నరసాపురం రేవులో పంటు కోసం ఎదురుచూస్తుంటే ఒక అమ్మమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. ఒళ్లో గుడ్డ సంచి ఉంది. అందులో మనవడి ఆధార్ జిరాక్సులు, అల్లుడి మరణ ధ్రువపత్రం, కువైట్‌లో ఇంటి పనికి వెళ్లిన కూతురి ఫోటో. తండ్రి లేని పిల్లలకు నెలనెలా డబ్బు ఇస్తారని ఎవరో చెబితే నది దాటి వచ్చిందట. ఎవరి దగ్గరకు వెళ్లాలో తెలియక మూడు ఆఫీసులు తిరిగింది. చివరికి ఒకాయన "మీది కోనసీమ, అమలాపురం వెళ్లమ్మా" అని చెప్పి పంపించాడు. ఆ రోజు కూలి పోయింది, ఆటో ఖర్చు పోయింది. ఆమె సంచి విప్పి చూస్తే కావలసిన కాగితాలు దాదాపు అన్నీ ఉన్నాయి.

చాలా ఏళ్లు బడిలో పాఠాలు చెప్పాను. పిల్లల కోసం మన ప్రాంతంలో ఉన్న సహాయం తక్కువేమీ కాదు. కానీ అది ఒక్కొక్క గదిలో, ఒక్కొక్క నంబరులో చెల్లాచెదురుగా ఉంది. అవసరం వచ్చిన రోజున దాన్ని వెతుక్కునే ఓపిక ఏ తల్లికీ ఉండదు. అందుకే ఇంట్లో అంతా బాగున్న రోజునే ఈ పని మొదలుపెట్టండి.

ముందు మీ ఊరి మనుషులను తెలుసుకోండి

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. పాత తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని డెల్టా ఊళ్లు ఇప్పుడు కోనసీమ, కాకినాడ, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాల మధ్య పంచుకుపోయాయి. తూర్పు గోదావరికి కేంద్రం రాజమహేంద్రవరం, పశ్చిమ గోదావరికి భీమవరం, కోనసీమకు అమలాపురం. "ఎప్పుడూ కాకినాడే కదా వెళ్లేవాళ్లం" అని బస్సెక్కకండి. మీ మండలం ఏ జిల్లాలో ఉందో గ్రామ సచివాలయంలో అడిగి నిర్ధారించుకోండి. బాలలకు సంబంధించిన ఆఫీసులు జిల్లాల వారీగానే పనిచేస్తాయి. యానాం వాళ్ల సంగతి వేరు. ఎదుర్లంక వంతెన ఇవతల ఆంధ్రప్రదేశ్, అవతల పుదుచ్చేరి పాలన. ఇక్కడి సచివాలయం పథకాలు అక్కడ వర్తించవు. దేశమంతటికీ ఉన్న ఫోను నంబర్లు, చట్టాలు మాత్రం రెండు వైపులా ఒక్కటే.

జిల్లా ఆఫీసు కంటే ముందు మీ ఊళ్లోనే ఆరుగురు ఉన్నారు: అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, గ్రామ సచివాలయంలోని మహిళా పోలీసు, అక్కడే ఉండే సంక్షేమ విద్యా సహాయకులు, బడి ప్రధానోపాధ్యాయులు. వీళ్ల పేర్లు, ఫోను నంబర్లు ఒక కాగితం మీద రాసి వంటింటి తలుపు వెనక అతికించండి. పిల్లల కంటి ఎత్తులో అతికించండి, వాళ్లకూ చదవడం వచ్చు కదా.

అదే కాగితం మీద ఈ నంబర్లు కూడా రాయండి. 1098 పిల్లల సహాయ నంబరు, ఇరవై నాలుగు గంటలూ ఉచితం. 1996లో ముంబయిలో మొదలైన ఈ సేవ ఇప్పుడు ప్రభుత్వ మహిళా శిశు సంక్షేమ వ్యవస్థ చేతిలో ఉంది, 112తో అనుసంధానమై ఉంది. పిల్లలే స్వయంగా చేయవచ్చు, పక్కింటివాళ్లు కూడా చేయవచ్చు. మనసు బాగోలేకపోతే 14416, ఆపదలో 112, అంబులెన్సుకు 108, మహిళలకు 181, ఉచిత న్యాయ సహాయానికి 15100, ఆన్‌లైన్ మోసాలకు 1930.

ఒక సంచి, ఒక నోటుపుస్తకం

ఆ అమ్మమ్మ చేసిన మంచి పని ఇదే, కాగితాలన్నీ ఒకచోట పెట్టుకుంది. మీరూ పెట్టుకోండి. ప్లాస్టిక్ కవరులో పెడితే ఇంకా మంచిది. లంక గ్రామాల్లో ఉండేవాళ్లకు వరద వచ్చిన రాత్రి చేతికి అందవలసిన మొదటి వస్తువు అదే. జనన ధ్రువపత్రం, ఆధార్, రేషన్ కార్డు, టీకాల కార్డు, బడి ధ్రువపత్రాలు, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ, తల్లో తండ్రో లేకపోతే మరణ ధ్రువపత్రం. ఒక్కోదానికీ రెండేసి జిరాక్సులు.

పిల్లల ఆధార్‌లో వేలిముద్రలు, కంటిపాప వివరాలు ఐదేళ్లు నిండాక ఒకసారి, పదిహేనేళ్లు నిండాక మరోసారి నమోదు చేయించాలి. ఇది మరచిపోయిన ఇళ్లలో పిల్లవాడు పదో తరగతికి వచ్చేసరికి ప్రతి చోటా పని ఆగిపోతుంది.

నోటుపుస్తకంలో ఏ ఆఫీసుకు ఏ తేదీన వెళ్లారు, ఎవరితో మాట్లాడారు, ఏమన్నారు అన్నది ఆ రోజే రాయండి. దరఖాస్తు ఇస్తే రెండో ప్రతి మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. అడగడానికి మొహమాటపడకండి, అది మీ హక్కు.

పిల్లలు చెప్పినప్పుడు ఎలా వినాలి

ఈ ఒక్క భాగాన్ని రెండుసార్లు చదవమని వేడుకుంటున్నాను. పిల్లలు పెద్ద విషయాన్ని పెద్ద విషయంలా చెప్పరు. "రేపటి నుంచి ట్యూషనుకు వెళ్లను" అంటారు. "మామయ్య వస్తే నేను పెద్దమ్మ ఇంటికి పోతాను" అంటారు. మనం "వేషాలు వేయకు" అన్నామా, ఆ తలుపు మళ్లీ తెరుచుకోదు.

చేతిలో పని పక్కన పెట్టి కూర్చోండి. "ఏమైంది" అని అడిగి ఊరుకోండి. మధ్యలో అరవకండి, ఏడవకండి, "అప్పుడే ఎందుకు చెప్పలేదు" అనకండి. పదేపదే గుచ్చి అడగవద్దు. వాళ్లు చెప్పిన మాటలను చెప్పినట్టే తర్వాత నోటుపుస్తకంలో రాసుకోండి. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి, ఎందుకంటే ఆ మాట మీరు నిలబెట్టుకోలేరు. "చెప్పి మంచి పని చేశావు, తప్పు నీది కాదు, ఇక నేను చూసుకుంటాను" అనండి. ఆ మూడు ముక్కలు చాలు.

ఎవరైనా పిల్లల మీద చేయి వేశారని తెలిస్తే

18 ఏళ్లలోపు ఎవరినైనా, ఆడపిల్లనైనా మగపిల్లవాడినైనా, లైంగిక వేధింపుల నుంచి 2012 నాటి పోక్సో చట్టం కాపాడుతుంది. తెలిసిన వెంటనే 1098కి గానీ 112కి గానీ చేయండి, లేదా నేరుగా పోలీసు స్టేషనుకు వెళ్లండి. సంఘటన నది అవతల జరిగిందనో, మరో మండలమనో వెనక్కి పంపకూడదు. ఏ స్టేషనులోనైనా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేసి సంబంధిత స్టేషనుకు వాళ్లే పంపాలి. ఫిర్యాదు నమోదు చేయని పోలీసు అధికారికే ఆ చట్టంలో శిక్ష ఉంది.

వీలైతే పిల్లలకు స్నానం చేయించకుండా, ఆ బట్టలు ఉతకకుండా కాగితం సంచిలో పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి. అప్పటికే స్నానం అయిపోయినా సరే వెళ్లండి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందు 72 గంటలలోపే మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మంచిది. ఆసుపత్రిలో చికిత్స ఉచితం. కేసు పెట్టి వస్తేనే చూస్తామని అనకూడదు. ఆడపిల్లను మహిళా డాక్టరే పరీక్షించాలి, తల్లిగానీ పిల్ల నమ్మిన మనిషిగానీ పక్కనే ఉండాలి.

వాంగ్మూలం కోసం పిల్లను స్టేషనులో కూర్చోబెట్టనవసరం లేదు. ఇంట్లోనో, పిల్ల కోరుకున్న మరో చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు మహిళా ఎస్సై రావాలి, యూనిఫాంలో రాకూడదు. పిల్ల పేరు, బడి, ఊరు ఎక్కడా బయటకు రాకూడదు. పోలీసులు 24 గంటల్లో ఈ విషయాన్ని జిల్లాలో పిల్లల రక్షణ చూసే బాలల సంక్షేమ సమితికి తెలియజేయాలి. కేసు నడిచినంత కాలం తోడుగా ఉండడానికి ఒక సహాయకుడినో సహాయకురాలినో ఇవ్వమని ఆ సమితిని అడగండి. మధ్యంతర పరిహారం కోసం ప్రత్యేక కోర్టును కోరవచ్చు. 15100కి చేస్తే న్యాయవాదిని ఉచితంగా ఇస్తారు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేదు.

ఇక పెద్దమనుషుల పంచాయతీ సంగతి. "పిల్ల భవిష్యత్తు పాడవుతుంది, ఇంత తీసుకుని ఊరుకోండి" అనే పెద్దలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అది రాజీకి వీలులేని నేరం. విషయం తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం కూడా నేరమే. ఆ అరుగు ఎక్కకండి.

ఎదిగే పిల్లల మనసు కుంగితే

ఇంటర్ ఫలితాలు వచ్చే ఏప్రిల్ నెలలో నాకు నిద్ర పట్టదు. తప్పినవాళ్లకు కొద్ది వారాల్లోనే సప్లిమెంటరీ పరీక్షలు ఉంటాయి, అదే ఏడాది పై చదువుకు వెళ్లవచ్చు. ఈ మాట ఫలితాలు రాకముందే, అన్నం తింటున్నప్పుడు, మామూలు గొంతుతో చెప్పండి. వచ్చాక చెబితే ఓదార్పులా వినిపిస్తుంది.

రెండు వారాలకు పైగా నిద్ర, తిండి మారిపోయినా, స్నేహితులను వదిలేసినా, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేస్తున్నా, "నేను లేకపోతే మీకు హాయి" అన్నా తేలిగ్గా తీసుకోకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా" అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన వస్తుందన్నది మన భయమే. అడిగినవాళ్ల దగ్గరే పిల్లలు బయటపడతారు. అవునంటే ఆ రాత్రి ఒంటరిగా వదలకండి, 14416కి ఫోను చేయండి. టెలి మానస్ అనే ఈ సేవను కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించింది. ఏ వేళైనా ఉచితంగా మాట్లాడవచ్చు, తెలుగులో మాట్లాడతారు. పిల్లల గురించి తల్లిదండ్రులు చేసినా మాట్లాడతారు. మందులు అవసరమైతే కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మీకు దగ్గరలో ఇంకెక్కడ డాక్టరు ఉన్నారో 14416లోనే అడగండి.

మన ఇళ్లలో ఇంకొక జాగ్రత్త తప్పనిసరి. వరి పొలానికి కొన్న పురుగుమందు గాదె పక్కనో మంచం కిందనో ఉంటుంది. చెరువుల వాళ్ల ఇళ్లలో రొయ్యల మందులూ ఉంటాయి. వాటిని ఈ రోజే తాళం వేసిన పెట్టెలోకి మార్చండి, తాళం చెవి పెద్దవాళ్ల దగ్గరే ఉంచండి. ఆ కష్టమైన గడియ చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది, ఆ కొద్దిసేపు డబ్బా చేతికి అందకపోతే ప్రాణం నిలుస్తుంది. ఒకవేళ తాగితే ఉప్పునీళ్లు, పేడనీళ్లు పట్టి కక్కించవద్దు. 108కి చేసి, మందు డబ్బా వెంట తీసుకుని ఆసుపత్రికి పరుగెత్తండి. పిల్ల మామూలుగా మాట్లాడుతున్నా సరే ఆగవద్దు. పోలీసు కేసు అవుతుందని దాచకండి. అలాంటి స్థితిలో ఉన్న మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

అమ్మ గల్ఫ్‌లో, పిల్లలు అమ్మమ్మ దగ్గర

రాజోలు, మలికిపురం, నరసాపురం, ఆచంట వైపు ఈ కథ లేని వీధి అరుదు. తల్లి డబ్బు పంపిస్తుంది, అమ్మమ్మ వండి పెడుతుంది. కానీ పిల్లవాడి కాగితాల మీద సంతకం ఎవరిది? ప్రయాణానికి ముందే ఈ పనులు పూర్తి చేయండి. బడిలో, బ్యాంకులో, ఆసుపత్రిలో పిల్లల తరఫున అమ్మమ్మ వ్యవహరించవచ్చని తల్లి రాసి, నోటరీ చేయించి ఇవ్వాలి. తల్లి ఆధార్‌కు, బ్యాంకు ఖాతాకు ఉన్న ఇక్కడి ఫోను నంబరును మూసేయకుండా, ఆ సిమ్ ఇంట్లో నమ్మకమైన మనిషి దగ్గర ఉంచి రీఛార్జి చేస్తూ ఉండాలి. పిల్లల చదువుకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం వంటి డబ్బు తల్లి ఖాతాలోనే పడుతుంది, ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. ఆ సిమ్ పోయినందుకు ఏడాదంతా తిరిగిన కుటుంబాలను చూశాను.

కువైట్ గడియారం మన కంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ పని ముగించి రాత్రి తొమ్మిదికి ఫోను పట్టుకుంటే ఇక్కడ పదకొండున్నర, పిల్లలు నిద్రలో ఉంటారు. రోజూ మాట్లాడలేకపోతే తల్లి తన గొంతు రికార్డు చేసి పంపాలి. పిల్లవాడు బడికి వెళ్లే ముందు విని, తన సంగతి చెప్పి పంపుతాడు. తల్లి పని చేసే ఇంటి చిరునామా, పాస్‌పోర్టు జిరాక్సు, ఏజెంటు వివరాలు మన సంచిలో ఉండాలి. ఆమె నుంచి కబురు ఆగిపోతే విదేశాంగ శాఖ వారి మదద్ వెబ్‌సైటులో ఫిర్యాదు చేయండి, ఆంధ్రప్రదేశ్ ప్రవాసాంధ్ర తెలుగు సొసైటీకి కూడా చెప్పండి.

నెలనెలా వచ్చే ఆసరా

ఆ అమ్మమ్మ వెతికినది మిషన్ వాత్సల్య పథకంలోని స్పాన్సర్‌షిప్. తండ్రి చనిపోయిన లేదా వదిలేసిన పిల్లలు, బంధువుల దగ్గర పెరిగే అనాథలు, తల్లిదండ్రులు ప్రాణాంతక జబ్బుతో మంచాన పడినవాళ్లు ఇందులోకి వస్తారు. ఒక్కొక్కరికి నెలకు 4,000 రూపాయలు. కుటుంబ ఆదాయం ఏడాదికి గ్రామాల్లో 72,000, పట్టణాల్లో 96,000 రూపాయలు దాటకూడదు. దరఖాస్తు మీ జిల్లాలోని బాలల సంరక్షణ విభాగానికి ఇవ్వాలి. కలెక్టరు అధ్యక్షతన ఉన్న కమిటీ ఆమోదిస్తుంది. ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వనవసరం లేదు.

చూసుకునేవాళ్లు ఎవరూ లేని పిల్లలను బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకెళ్లాలి. సమితిలో ఒక అధ్యక్షులు, నలుగురు సభ్యులు ఉంటారు, వారిలో కనీసం ఒకరు మహిళ. నెలకు కనీసం ఇరవై రోజులు కూర్చోవాలి. తల్లిదండ్రులే వెళ్లవచ్చు, పిల్లలూ నేరుగా వెళ్లవచ్చు. వెళ్లగానే పిల్లను లాక్కుని హాస్టల్లో వేస్తారన్న భయం చాలామందికి ఉంది. పిల్లను సొంత కుటుంబంలోనే ఉంచగలిగితే ఉంచాలన్నదే 2015 బాలల న్యాయ చట్టం చెప్పే మాట, ఆ మాటే వాళ్లకు గుర్తుచేయండి.

ఎదుగుదల ఆలస్యమైతే

తొమ్మిది నెలలకు కూర్చోలేకపోయినా, ఏడాది నిండినా పేరు పిలిస్తే తిరిగి చూడకపోయినా, రెండేళ్లకు రెండు పదాలు కలిపి మాట్లాడకపోయినా "వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే మాటలు వచ్చాయి" అని ఊరుకోకండి. అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చే వైద్య బృందాలు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టుక నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలను చూస్తాయి. గ్రహణం మొర్రి, వంకర పాదాలు, గుండె లోపాలు, వినికిడి లోపం ఉంటే పై ఆసుపత్రికి పంపి ఉచితంగా చికిత్స చేయిస్తారు. బృందం ఎప్పుడు వస్తుందో అంగన్‌వాడీ టీచరును అడిగి, ఆ రోజు పిల్లను తప్పకుండా తీసుకెళ్లండి.

బడి వయసు వచ్చాక మండలంలోని భవిత కేంద్రం గురించి మండల విద్యాశాఖ కార్యాలయంలో అడగండి. ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులు అక్కడ ఉంటారు, ఫిజియోథెరపీ కూడా చేయిస్తారు. వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డు తీసుకోండి. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, ఆటిజం, చదవడంలో రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందులు కూడా వాటిలో ఉన్నాయి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకు నిరామయ అనే ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఉంది.

మరికొన్ని, క్లుప్తంగా

పెళ్లి: ఆడపిల్లకు 18, మగపిల్లవాడికి 21 నిండాలి. ముహూర్తం పెట్టేశారని తెలిసినా 1098కి చెప్పండి, చెప్పిన మీ పేరు బయటపెట్టరు. కోర్టు ఆపమన్నాక జరిగిన పెళ్లి చెల్లదు.

పని: 14 ఏళ్లలోపు పిల్లలను రొయ్యల షెడ్డులోగానీ ఇటుక బట్టీలోగానీ పెట్టడం నేరం. బడి మానేసిన పిల్లను మళ్లీ చేర్చడానికి టీసీ లేదని తిప్పి పంపకూడదు, 14 ఏళ్ల వరకు విద్యాహక్కు చట్టం రక్షణ ఉంది.

ఫోను బెదిరింపు: ఎవరైనా ఫోటోలు పెడతామని బెదిరిస్తే డబ్బు ఇవ్వకండి, సందేశాలు చెరిపేయకండి, స్క్రీన్‌షాట్లు తీసి జాతీయ సైబర్ నేరాల వెబ్‌సైటులో ఫిర్యాదు చేయండి. పిల్లలకు సంబంధించినవైతే పేరు చెప్పకుండానే చేయవచ్చు. అప్పటికే డబ్బు పంపేసి ఉంటే ఆ గంటలోనే 1930కి చేయండి. పిల్లను తిట్టడం మాత్రం వద్దు, బెదిరించేవాడి బలం ఆ తిట్ల భయమే.

పని కదలకపోతే

నోటుపుస్తకం తీయండి. తేదీలన్నీ వరుసగా రాసి ఒక పేజీ అర్జీ తయారుచేయండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి. రెండు ప్రతులు, జిరాక్సులు ఉంచుకోండి. అర్జీ నమోదు సంఖ్య ఉన్న రసీదు చేతికి వచ్చేదాకా వరుసలోంచి కదలవద్దు. లంకల నుంచి, సముద్రం ఒడ్డు ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ఆ ఉదయం మొదటి బస్సో మొదటి పంటో పట్టుకోవాలి, మధ్యాహ్నానికల్లా అధికారులు లేచిపోతారు.